ఏ దారికి ఏ టైరు?



ముప్పదిరెండు సంవత్సరములు ఉన్నతపాఠశాలలో తెలుగు పండితుడనై సంధులును సమాసములును చెప్పి విశ్రాంతి గైకొన్న నావంటివాడు మోటారుబండి టైర్లను గుఱించి ప్రసంగించుట మీకు వింతగా తోచవచ్చును. నాకును అట్లే తోచుచున్నది. బండి నడపుట నాకు రాదు. అయినను 2022వ సంవత్సరము మొదలు మా అన్నగారి కుమారుని బండిలో ముందుసీటున కూర్చుండి, అతడు చేసిన పొరపాట్లను, అతనికి నేను చెప్పిన పెడసలహాలను కన్నులార చూచినవాడను. ఆ చూచినది చెప్పుటకే యీ ప్రసంగము.

మాది నంద్యాల జిల్లాలో కోయిలకుంట్ల ప్రాంతపు పల్లె. ఆ సీమ నెఱిగినవారికి అచటి నేలను వర్ణింప నక్కఱలేదు. ఎఱుగనివారి కొఱకు రెండు మాటలు చెప్పెదను. మా పొలములన్నియు నల్లరేగడి. వేసవిలో ఆ నేల బీటలువాఱి, ఏమఱి నడచు పశువు కాలు ఇఱుకునంత నెఱ్ఱెలు విచ్చును. వాన కురిసినచో ఆ నెఱ్ఱెలు పూడి, నేల ఉబ్బి, మైనమువలె మెత్తబడి, నడచువాని చెప్పును కాలినుండి ఊడదీసికొనును. బనగానపల్లె, బేతంచెర్ల దిక్కునకు పోయినచో నాపరాతి గనులు. అచటి దారులనిండ గొడ్డలి యంచువంటి రాతిబిళ్ళలు. మాకు తూర్పున కర్నూలునుండి నంద్యాల, ఆళ్ళగడ్డల మీదుగా కడపకు పోవు 40వ నంబరు జాతీయరహదారి. ఇట్లు ఒకే బండి ఒకే దినమున రేగడిని, రాతిని, తారును మూటిని త్రొక్కవలసివచ్చును. పత్రికలవారు ఎస్.యు.వి. అని వ్రాయు ఎత్తైన బండిని, మా పల్లెవారు ఇప్పటికిని జీపనియే పిలుచు బండిని, మా అన్న కుమారుడు కొన్నది ఇందులకే. అతనికి గనిలో చిన్న భాగమును, ఊరిలో పదునైదెకరముల శనగపొలమును కలవు.

ఇవిగాక మఱియొక పనియు ఆ బండిపై బడినది. మా వదినెగారికి మూత్రపిండములు పనిచేయుట మానినది మొదలు వారమునకు మూడు మాఱులు నంద్యాలకు పోయి డయాలిసిస్ చేయించుకొనవలసియున్నది. మంగళ, గురు, శనివారములు వాన వచ్చినను ఎండ కాచినను బండి కదలవలసినదే. కావున టైరు సంగతి మా యింట వేడుకకు సంబంధించినది కాదు.

2022వ సంవత్సరము అక్టోబరు నెలలో ఒక గురువారము. రాత్రి యంతయు వాన కురిసి తెల్లవాఱుజామున తెఱపి యిచ్చినది. ఐదుగంటలకు బయలుదేఱితిమి. ఊరినుండి తారురోడ్డు చేరుటకు పొలములనడుమ నాలుగు కిలోమీటర్ల డొంకదారి కలదు. నాలుగు చక్రములకును యంత్రశక్తి నందించు మీట వేసికొని మావాడు ధైర్యముగా బండిని దింపెను. పట్టుమని రెండువందల గజములు పోలేదు. ఇంజను మ్రోగుచున్నది, చక్రములు తిరుగుచున్నవి, బండి మాత్రము ప్రక్కకు ఒరిగి దిగబడినది. దిగి చూడగా టైర్లు కనబడలేదు. నాలుగు నల్లని మట్టిముద్దలు కనబడినవి. ట్రాక్టరు వచ్చి లాగునప్పటికి తొమ్మిదిన్నర. మధ్యాహ్నము ఆసుపత్రి చేరితిమి గాని వదినెగారికి కేటాయించిన యంత్రము మఱియొకరికి ఇచ్చివేసిరి. సాయంకాలము వఱకు ఆమె బల్లపై కూర్చుండి యెదురుచూచినది. ఆనాటి ఆమె ముఖపువాపు నాకింకను కన్నులకు కట్టినట్లున్నది.

మఱునాడే మావాడు పాతటైర్లు తీయించి, బురదలో నడచుటకే చేసిన టైర్లు వేయించెను. వానిని ‘మడ్ టెర్రైన్’ అందురు, టైరుపై ఎం.టి. అను అక్షరములు ఉండును. ఒక్కొక్క దిమ్మ చిన్న ఇటుక పాటిది. దిమ్మకును దిమ్మకును నడుమ బొటనవ్రేలు దూఱునంత సందు. మా వీధిపిల్లలు చూచి ట్రాక్టరుటైర్లని కేకలువేసిరి. నేనును మెచ్చుకొంటిని. “ఇవి సరియైనవి నాయనా, ఇక మనకు భయము లేదు” అంటిని. నా పెడసలహాలలో అది మొదటిది.

2023 జులైలో ఒక శనివారము సాయంకాలము డయాలిసిస్ ముగించుకొని తిరిగివచ్చుచున్నాము. అంతవఱకు పొడిగానుండిన రోడ్డుపై సన్నని జల్లు మొదలైనది. బహుదినములు వానలేని తారుపై తొలిజల్లు పడినప్పుడు, అందు పేరుకొన్న నూనెయు ధూళియు నీటితో కలిసి రోడ్డు మిక్కిలి జాఱుడుగా నుండును. మలుపున ఎనుములమంద అడ్డము వచ్చినది. మావాడు బ్రేకు త్రొక్కెను. బండి ఆగుటకు మాఱుగా నీటిమీది పడవవలె పోయి, మందను తప్పించి, ప్రక్కమట్టిలో దిగి గట్టుకు తగిలి నిలిచినది. ఎవరికిని ప్రాణభయము కలుగలేదు. వదినెగారు మాత్రము కుడిచేతితో ఎడమచేతిని గుండెలకు అదుముకొని యుండిరి. ఆ యెడమచేతిలోనే శస్త్రవైద్యులు సిరను ధమనితో కలిపి సూదులు గ్రుచ్చుటకు దారి యేర్పఱచియుండిరి. ఆ చేతికి గట్టి దెబ్బ తగిలినచో ఆమె రక్తము శుద్ధిచేయుటకు మఱియొక దారి వెదకుకొనవలెను. ఆమె కొంతసేపటికి ఊపిరి పీల్చుకొని కుమారునితో ఇట్లనెను: “బురదలో దిగబడితే ట్రాక్టరు వస్తాది నాయనా, ఈడ ఏమొస్తాది?”

ఆ ప్రశ్నకు మాలో ఎవరికిని ఉత్తరము లేకపోయినది. ఆ రాత్రినుండి నేను ఈ టైర్ల శాస్త్రమును చదువ నారంభించితిని.

మొదట ఒక భ్రమను తొలగించుకొంటిని. నాలుగు చక్రములకును శక్తి నిచ్చు బండి క్షేమమైనదని నేను తలచియుంటిని. ఆ యేర్పాటు ముందుకు పోవుటకు మాత్రమే తోడ్పడును. ఆపుటకు అదియేమియు చేయదు. రెండు చక్రములు లాగు బండికైనను నాలుగు చక్రములు లాగు బండికైనను బ్రేకు నాలుగింటికిని ఉండనే యున్నది. ఆపునది ఆ నాలుగు టైర్లు నేలనంటు చోటు. ఆ చోటు ఒక్కొక్క టైరుకు విప్పిన చేతి పాటిది. రెండువేల కిలోలు మీఱిన బండియు, అందులోని మనుష్యులును, నాలుగు చేతుల పాటి రబ్బరుపై ఆధారపడి పోవుచున్నారని తెలిసినప్పుడు నాకు కొంత గుండె దడదడలాడినది.

టైరు నేలనంటు భాగమున గాళ్ళు త్రవ్వి యుండును. గాళ్ళనడుమ మిగిలినవి దిమ్మలు. పొడిగానున్న తారుమీద గాళ్ళతో పనియే లేదు. రబ్బరు ఎంత యెక్కువ అంటిన అంత మేలు. పందెపు కార్లకు పొడిదినములలో గాళ్ళు లేని నున్నని టైర్లు వేయుట అందుకే. తడిసిన తారుమీద రబ్బరుకును రోడ్డుకును నడుమ నీటిపొర నిలుచును. గాళ్ళు ఆ నీటిని ప్రక్కలకు పాఱించును. దిమ్మలపైనున్న కత్తితో గీసినట్టి సన్నని చీలికలు మిగిలిన తడిని తుడిచివేయును. రోడ్డుకొఱకే చేసిన ‘హైవే టెర్రైన్’ టైర్లలో, అనగా హెచ్.టి. టైర్లలో, ఈ చీలికలు మెండు, గాళ్ళు సన్ననివి.

ఇక బురద. బురదటైరు పనిచేయు విధమేమనగా, పెద్ద దిమ్మలు మెత్తని పైబురదను చీల్చుకొనిపోయి క్రిందనున్న గట్టినేలను కఱచి పట్టును; చక్రము వడిగా తిరిగినప్పుడు సందులలో చిక్కిన బురద విసరివేయబడి, సందులు మరల శుభ్రమగును. క్రింద గట్టినేల యున్నచోట, ఏటియొడ్డున, ఎఱ్ఱనేలలో, ఇది చక్కగా జరుగును. రేగడిలో జరుగదు. రేగడిమన్నులో ‘మాంట్‌మోరిల్లొనైట్’ అను జాతి బంకమన్ను హెచ్చు. దాని రేణువులు కంటికి కానరానంత సూక్ష్మములు. పలుచని రేకులవలె ఒకదానిపై నొకటి పేర్చియుండును. నీరు ఆ రేకులనడుమ దూఱి వానిని ఎడముచేయును, నేల ఉబ్బును. ఆ మన్ను రబ్బరునకు అంటుకొని ఎంత విసరినను వదలదు. వాన చాలదినములు కురిసినచో దాని క్రింద ఆశ్రయింపదగిన గట్టినేలయు దగ్గఱలో ఉండదు. హెచ్.టి. టైరు పది గజములలో గుండు అగును, ఎం.టి. టైరు మఱి కొంత దూరము పోయి గుండు అగును. భేదమంతియే. ఈ భేదము కొఱకు మేము తారురోడ్డుపై నిలువరించు శక్తిని అమ్ముకొంటిమి. బురదటైరుకు దిమ్మలు తక్కువ, సందులు ఎక్కువ. కావున తారునంటు రబ్బరు తక్కువ. రాళ్ళకు తెగకుండుటకై రబ్బరును గట్టిగా చేయుదురు. సన్నని చీలికలు కొద్ది. ఎత్తైన దిమ్మలు బ్రేకు పడినప్పుడు వంగి ఊగును. ఆ జులైనాటి జాఱుడునకు కారణము ఎనుములు కావు.

ఈ సంగతి విన్న తరువాత కూడ మావాడు వెంటనే ఒప్పుకొనలేదు. “నా తిరుగుడు సగము రోడ్డుకు బయటనే గదా చిన్నాయనా!” అనెను. నేను బడిపంతులను గనుక నోటిలెక్కను నమ్మను. నలుబది పుటల నోటుపుస్తకమొకటి కొని బండిలో పెట్టించి, ప్రతి ప్రయాణమునకును తారు ఎంత, రాతిదారి ఎంత, మట్టిదారి ఎంత అని మూడు గడులలో వ్రాయుమని విధించితిని. 2023 ఆగస్టు నెల ముగియునప్పటికి మొత్తము 1,460 కిలోమీటర్లు తేలినవి. అందు తారు 1,190. గనుల రాతిదారియు కంకరదారియు 205. పొలములలోని మట్టిదారి 65. అనగా నూటికి ఎనుబదియొకటికి పైగా తారు, పదునాలుగు రాయి, నాలుగున్నర మాత్రమే మన్ను. అందులోను వాననాటి మన్ను ఎంతయో చూడగా పదునొకండు కిలోమీటర్లు తేలినది!

మావాడు అబద్ధమాడలేదు. మనకు కష్టము కలిగించిన దారియే మనస్సులో నిలుచును. హాయిగా పోయిన నూఱు కిలోమీటర్లు ఇల్లుచేరుసరికి మఱపునకు వచ్చును. ఎవరైనను టైర్ల అంగడికి పోవుటకు ముందు ఒక్క నెల ఇట్టి లెక్క వ్రాసికొనవలెనని నేను గట్టిగా చెప్పుదును. సగము తడవలు ఆ లెక్కయే హెచ్.టి. టైర్లు చాలునని చెప్పివేయును, ధనము మిగులును. మాకు అట్లు చెప్పలేదు. ఆ పదునాలుగు పాళ్ళ రాతిదారి అడ్డువచ్చినది. నాపరాయి విఱిగినప్పుడు బిళ్ళలుగా విఱిగి అంచులు పదునుగా నుండును. మొదటి హెచ్.టి. టైర్లు వేసియున్న కాలములో సంవత్సరమునకు రెండు టైర్ల ప్రక్కలు చీలినవి. నేలనంటు భాగమున మేకు దిగినచో పంక్చరు వేయవచ్చును. ప్రక్కగోడ చీలినచో మరమ్మతు లేదు. నడచునప్పుడు ప్రతి చుట్టునకును ఆ భాగము వంగి లేచుచుండును గనుక అతుకు నిలువదు. ఆ టైరును పాఱవేయవలసినదే.

ఇట్టివారి కొఱకే ‘ఆల్ టెర్రైన్’ టైరు. టైరుపై ఏ.టి. అని యుండును. ఈ పేరునకు సర్వభూములయందును నడచునది యని అర్థము. నేను ముప్పదియేండ్లు అలంకారములు చెప్పినవాడను. అతిశయోక్తిని చూచిన వెంటనే గుర్తుపట్టుదును. ఇది సర్వభూములకును సరిపోవునది కాదు. కంకర, రాయి, గట్టిమన్ను, పొడియిసుక, పచ్చిక, వీనియందు మేలైనది, తారుమీద హెచ్.టి. కంటె కొంచెము తక్కువ, ఎం.టి. కంటె చాల ఎక్కువ. అంటుకొను బురదలో దుర్బలము. దీని దిమ్మలు మధ్యమములు. సందులు రాయి పట్టునంత వెడల్పుగాను నీరు పోవునంత లోతుగాను ఉండును. మంచివానిలో దిమ్మలపై చీలికలు తగినన్ని యుండును. సందుల అడుగున చిన్న చిన్న గట్లు పోసియుందురు. అవి చిక్కిన గులకరాళ్ళు లోపలికి గ్రుచ్చుకొని పోకుండ బయటికి నెట్టును. భుజమునుండి దిమ్మలు ప్రక్కగోడమీదికి కొంత దిగివచ్చియుండును. మా నాపరాళ్ళకు కావలసిన కవచము అదియే.

ఏ.టి. అని వ్రాసినవన్నియు ఒక్కటి కావు. కొన్ని రోడ్డుటైరునకు చెల్లెళ్ళు, కొన్ని బురదటైరునకు తమ్ములు. అంగడిలో నాలుగు రకములను ప్రక్కప్రక్కన నిలిపి చూచినచో చదువురానివారికి కూడ తెలియును. నూటికి ఎనుబది పాళ్ళు తారుమీద తిరుగువాడు నడుమ దిమ్మలు దగ్గఱగా గొలుసువలె కలిసియుండి చీలికలు మెండుగా గలదానిని తీసికొనవలెను. కంటికి భయంకరముగా కనబడుదానిని విడువవలెను. మావానికి ఈ మాట చేదుగా నుండినది. యువకులు టైరును కొనునప్పుడు సగము కొనునది తమ రూపమును. ఇందు తప్పు పట్టను. నేను యువకుడనై యుండగా సైకిలునకు అక్కఱలేని రెండు అద్దములు బిగించుకొని తిరిగితిని.

ఇక టైరు ప్రక్కగోడపై వ్రాసిన వ్రాతను గుఱించి. నాకు మిక్కిలి రుచించిన భాగమిది. అంతయు సూత్రప్రాయమైన భాష. అక్షరము వ్యర్థముగా లేదు. మా బండిపై 235/65 R17 అనియు, పిదప 108 H అనియు ఉన్నది. మొదటి 235 టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 65 అనునది ప్రక్కగోడ యెత్తు. ఆ వెడల్పులో నూటికి అఱువదియైదు పాళ్ళని అర్థము, అనగా సుమారు 153 మిల్లీమీటర్లు. R అనగా రేడియల్. లోపలి దారముల పొరలు ఒక అంచునుండి రెండవ అంచునకు తిన్నగా అడ్డముగా పోవు నిర్మాణము. ఫ్రాన్సు దేశమున మిషలిన్ సంస్థ 1946లో దీనికి పేటెంటు పొందినది. 17 అనునది రిమ్ము వ్యాసము, అంగుళములలో. 108 బరువును తెలుపు సంజ్ఞ. పట్టికలో చూచినచో ఒక్కొక్క టైరు 1,000 కిలోలు మోయునని అర్థము. H వేగసంజ్ఞ, గంటకు 210 కిలోమీటర్ల వఱకు అని. S అనిన 180, T అనిన 190. ఏ.టి. టైర్లకు తఱుచుగా వేగసంజ్ఞ తక్కువది యుండును. మన రోడ్లమీద దానివలన లోపము లేదు. బరువుసంజ్ఞ మాత్రము బండిని చేసినవారు చెప్పినదానికి తగ్గరాదు.

కొలత మార్చుట విషయమున అంగడివాని మాటకు లోబడకుడు. ఒక అంగడిలో మావానితో 245/70 R17 వేసికొమ్మని, బండి సింహమువలె నుండుననిరి. నేను కాగితముపై లెక్క కట్టితిని. పాత టైరు నిలువెత్తు 737 మిల్లీమీటర్లు. వారు చెప్పినది 775. వ్యాసము నూటికి ఐదుపాళ్ళు పెరిగినది. అనగా వేగము చూపు ముల్లు నూఱు చూపునప్పుడు బండి నూటయైదుతో పోవుచుండును. పూర్తిగా చక్రము త్రిప్పినప్పుడు టైరు మడ్డుగార్డునకు రాచుకొనవచ్చును. బరువైన చక్రమును ఆపుటకు బ్రేకు ఎక్కువ కష్టపడవలెను. ఇంతకును బండి క్రిందిభాగము లేచునది అందు సగమే, పందొమ్మిది మిల్లీమీటర్లు! మా వదినెగారు బండి యెక్కుటకు ఇదివఱకే పీట వేయవలసివచ్చుచున్నది.

కొన్ని ఏ.టి. టైర్ల కొలతకు ముందు LT అను రెండక్షరములు కనబడును. అవి సామాను మోయు బండ్ల కొఱకు లోపలిపొరలు గట్టిగా వేసి చేసినవి. రాళ్ళలో బలమైనవే, కాని అదే బరువు మోయుటకు ఎక్కువ గాలి కోరును. మామూలు టైర్లకు చెప్పిన గాలిలెక్క వానికి సరిపోదు. ఖాళీబండిలో ప్రతి గుంటయు వెన్నెముకకు తెలియును. నాలుగు గంటలు యంత్రమునకు కట్టుబడి లేచివచ్చిన రోగిని అట్టి బండిలో తీసికొనిపోవుట న్యాయము కాదని విడిచితిమి.

మఱియొక చోట చిన్న అండాకారపు గడిలో నాలుగంకెలుండును. అది టైరు పుట్టిన వారమును సంవత్సరమును తెలుపును. 2323 అనినచో 2023వ సంవత్సరములో ఇరువదిమూడవ వారము. తాళపత్రగ్రంథము చేతికి వచ్చినప్పుడు చివరి యాకున లేఖకుడు వ్రాసిన సంవత్సరమును ముందుగా చూచుట మాకు గురువులు నేర్పిన అలవాటు. టైరు విషయమున కూడ అదియే చేయుడు. రబ్బరు వాడకున్నను ముదురును. మాకు మొదట చూపిన అయిదు టైర్లలో రెంటికి నాలుగేండ్లు నిండియుండినవి. అడిగినంత మాత్రమున లోపలినుండి క్రొత్తవి తెచ్చిరి. ఐ.ఎస్.ఐ. ముద్ర యున్నదో లేదో చూడుడు. మూడు శిఖరముల కొండయు అందు మంచుపువ్వును గీసిన గుర్తుండినచో అది మంచుమీద పరీక్షించిన టైరని తెలియవలెను. లడఖ్ వంటి చోట్లకు పోవువారికి పనికివచ్చును, కోయిలకుంట్లలో దానికి వెల యీయనక్కఱలేదు.

అయిదు టైర్లంటిని, స్టెప్నీతో కలిపి అయిదును ఒకే రకము ఉండవలెను. వెనుక రెంటికి మాత్రము ఏ.టి. వేసి ముందు పాతవి ఉంచుకొను పొదుపరులు కలరు. తడిరోడ్డుపై ముందువెనుకలు వేఱువేఱుగా జాఱును. నాలుగు చక్రములకు శక్తినిచ్చు బండిలో చుట్టుకొలతలు భిన్నమైనచో లోపలి పండ్లచక్రములు ఒకదానినొకటి పీడించుకొనును. అయిదింటిని వరుసగా స్థలములు మార్చుచుండవలెను, లేనిచో ఏ.టి. దిమ్మలు ఱంపపు పండ్లవలె ఒకవైపు అఱిగి రొద పెట్టును.

గాలి విషయము టైరంత ముఖ్యము. మా బండి తలుపువద్ద అంటించిన చీటీలో 32 పౌనులని యున్నది. గనిదారిలో మావాడు 26కు దింపును. గాలి తగ్గినప్పుడు టైరు నేలనంటు చోటు పొడవున పెరుగును. టైరు రాతిని ఎదిరింపక దానిపై ఒదిగిపోవును. మఱీ తగ్గించినచో ప్రక్కలు ఉబ్బి బయటికి వచ్చి రాతియంచునకు దొరకును, రిమ్మునుండి టైరు ఊడిరావచ్చును. తారు చేరిన వెంటనే గాలి మరల నింపవలెను. తక్కువ గాలితో వేగముగా పోవు టైరు వంగి లేచి వంగి లేచి వేడెక్కి పగులును. బండిలోని విద్యుత్తుతో నడచు చిన్న గాలిపంపు లేనివాడు గాలి తీయనే కూడదు.

2023 సెప్టెంబరులో సౌమ్యమైన జాతి ఏ.టి. టైర్లు అయిదు వేయించితిమి. ఒక్కొక్కటి పదివేలు మించినది. మా నోటుపుస్తకము చెప్పునదేమనగా, హెచ్.టి. టైర్లతో లీటరుకు పదమూడు కిలోమీటర్లు పోయిన బండి ఇప్పుడు పన్నెండుకు పైచిలుకు పోవుచున్నది. వేగము అఱువది దాటినచో తుమ్మెదల మ్రోతవంటిది సన్నగా వినవచ్చును. తడిరోడ్డుపై హెచ్.టి. టైర్లంత చప్పున ఆగదని మావానికి తెలియును. అందుకని వాననాడు ముందుబండికి దూరముగా నుండును. గనిదారిలో ఒక టైరు భుజముమీద నాపరాయి వ్రేలెడు గీత గీసినది గాని లోపలికి దిగలేదు.

మఱి రేగడి సంగతి యేమని మీరడుగుదురు. రేగడికి మేము టైరు కొనలేదు. మా తండ్రిగారి కాలమున ఇనుపకమ్మి చక్రముల బండ్లు పోయి టైరుబండ్లు వచ్చినప్పుడు అవి తేలికగా నడచునని ఊరంతయు సంతోషించినది. ఆ సంతోషములో కూడ మా తండ్రిగారు రేగడి నానిన దినములలో బండి కట్టనిచ్చువారు కారు. ఎద్దుల మెడలు పోవుననువారు. మేము చదువుకొన్నవారము గనుక ఆ సంగతి తెలిసికొనుటకు మాకు రెండు జతల టైర్ల ధనము వ్యయమైనది. ఇప్పుడు సోమ, బుధ, శుక్రవారముల సాయంకాలము మబ్బు పట్టినచో మావాడు బండిని డొంక దాటించి తారురోడ్డు ప్రక్కనున్న బంధువుల దొడ్డిలో నిలిపి నడచి వచ్చును. తెల్లవాఱుజామున ట్రాక్టరు ట్రాలీలో నులకమంచము వేసి, పైన తాటాకు గొడుగు పట్టి, వదినెగారిని ఆ నాలుగు కిలోమీటర్లు తీసికొనిపోదుము. అరగంట ముందుగా లేవవలెను. 2024లో వానకాలమంతయు ఆమెకు ఒక్క దినమైనను యంత్రము తప్పలేదు.

నోటుపుస్తకము ఇప్పటికిని బండిలోనే యున్నది. మావానికి దానిపై శ్రద్ధ తగ్గినది. వదినెగారు కుడిచేతితో తానే తారు, రాయి, మన్ను అని మూడు గడులు గీసికొని అంకెలు నింపుచున్నారు. మొదటి పుస్తకము నిండి రెండవది నడుచుచున్నది.